వారానికి రెండు రోజులే అన్నం!

పర్మిషన్ లేకుండా పెట్టొద్దన్న మునిసిపాలిటీ - కోర్టుకెక్కిన చర్చి

ఒక క్షేత్రం ఉందనుకోండి. గుడి పక్కనే సత్రం. మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి విస్తళ్ళు వేస్తారు. వచ్చినవాడిది ఏ ఊరని అడగరు, ఏ కులమని అడగరు. ఒకనాడు మునిసిపాలిటీ మనిషి వచ్చి ధర్మకర్త చేతిలో కాగితం పెట్టి, "ఇకమీదట అన్నదానం వారానికి రెండు రోజులే. అదీ పర్మిట్ తీసుకున్నాకనే" అన్నాడనుకోండి. ఊరు ఊరుకుంటుందా?

ఇంచుమించు ఇదే జరిగింది. అయితే మన వైపు కాదు. అమెరికాలో, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉన్న బ్రూకింగ్స్ అనే చిన్న పట్టణంలో. అక్కడ గుడి స్థానంలో చర్చి. ధర్మకర్త స్థానంలో ఫాదర్. 2021లో మునిసిపల్ కౌన్సిలు రూలు చేసింది. 2022లో చర్చి కోర్టుకెక్కింది. 2024లో తీర్పు వచ్చింది. పై ఎత్తున చూస్తే అన్నం పెట్టేవాడు గెలిచిన కథ. కాస్త లోపలికి వెళితే అంత తేలిక కథ కాదు.

బాంబు పడిన ఊరు

బ్రూకింగ్స్ ఒరెగాన్ రాష్ట్రంలో నైరుతి మూలన ఉంది. దాటితే కాలిఫోర్నియా రాష్ట్రమే. జనాభా 6,700 పైచిలుకు. మన లెక్కలో ఒక మాదిరి మండల కేంద్రం. చెట్కో అనే నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. కలప కంపెనీ కోసం పుట్టిన ఊరది. కలప, చేపలవేట, ఆ పైన లిల్లీ పూల దుంపల సాగు. ఈస్టర్ పండక్కి అమెరికా అంతటా కుండీల్లో పెట్టుకునే తెల్ల లిల్లీల దుంపలు దాదాపు అన్నీ ఈ ఊరి చుట్టుపక్కల చేలల్లో నుంచే వెళ్తాయి.

ఈ ఊరికి మరో పేరు కూడా ఉంది. 1942 సెప్టెంబరు 9న జపాను విమానం ఒకటి వచ్చి ఈ ఊరి పక్క అడవి మీద నిప్పు బాంబులు వేసింది. అడవి తడిగా ఉండబట్టి మంట పెద్దది కాలేదు. బాంబులు వేసిన పైలట్ నొబువో ఫుజితాను ఇరవై ఏళ్ళ తరువాత, 1962లో, ఊరివాళ్ళే పిలిచి మర్యాద చేశారు. అతను తమ వంశంలో తరతరాలుగా వస్తున్న కత్తిని తెచ్చి ఊరికి ఇచ్చి వెళ్ళాడు. అది ఊరి లైబ్రరీకి చేరింది. శత్రువును పిలిచి కూర్చోబెట్టిన ఊరు, సొంత ఊళ్ళో నిలువనీడ లేనివాళ్ళ దగ్గరకి వచ్చేసరికి రెండు ముక్కలైంది.

నిలువనీడ లేనివాళ్ళు అమెరికాలో ఎక్కడివాళ్ళు అనిపించవచ్చు. ఆ దేశ ప్రభుత్వమే ఏటా జనవరిలో ఒక రాత్రి లెక్క తీస్తుంది. 2024 జనవరి లెక్కలో ఇల్లు లేనివాళ్ళు 7,71,480 మంది తేలారు. ముందు ఏడాది కంటే నూటికి పద్దెనిమిది మంది ఎక్కువ. కొందరు షెల్టర్లలో ఉంటారు. కొందరు పార్కుల్లో గుడారాలు వేసుకుంటారు. ఇంకొందరికి కారే ఇల్లు. పగలు పనికి వెళ్ళి రాత్రి కారులో పడుకునేవాళ్ళూ ఉన్నారు. అద్దె కట్టలేక వీధిన పడ్డవాడికి మనలా చెట్టు కింద గుడిసె వేసుకునే వీలు అక్కడ లేదు. చలి ఒకటి, రూలు ఒకటి.

మధ్యాహ్నం భోజనం

బ్రూకింగ్స్‌లో సెయింట్ తిమోతి చర్చి ఉంది. ఎపిస్కోపల్ శాఖది. ఇంగ్లండు నుంచి పాకిన ఆంగ్లికన్ సంప్రదాయం. మన దగ్గర సి.ఎస్.ఐ. చర్చి కూడా ఆ కుటుంబంలోదే. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ చర్చిలో బిషప్ పదవికెక్కిన తొలి భారతీయుడు. కాబట్టి మన జిల్లాల క్రైస్తవులకు ఇది మరీ పరాయి చర్చేమీ కాదు.

ఈ చర్చి 2009 నుంచి ఉచితంగా మధ్యాహ్న భోజనం పెడుతోంది. ఊళ్ళో ఇతర చర్చిలు కూడా కొన్ని రోజులు పంచుకునేవి. ఒకచోట సోమవారం అయితే ఇంకోచోట మంగళవారం. వచ్చేవాళ్ళలో అందరూ వీధిన పడ్డవాళ్ళు కారు. పింఛను చాలని ముసలివాళ్ళు, నెలాఖరుకు చేతిలో డబ్బు అయిపోయినవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు.

2020లో కరోనా వచ్చింది. వంట చేసి వడ్డించే వలంటీర్లలో పెద్ద వయసువాళ్ళే ఎక్కువ. మిగతా చోట్ల వడ్డన ఆగిపోయింది. సెయింట్ తిమోతి ఆపలేదు సరికదా, మిగతావాళ్ళ రోజులు కూడా తనే ఎత్తుకుంది. ఒక దశలో వారానికి ఆరు రోజులు పెట్టింది. భోజనంతో పాటు స్నానానికి వసతి, వైద్యశిబిరం, కరోనా పరీక్షలు, టీకాలు కూడా అక్కడే. ఆ సమయంలో మునిసిపాలిటీ కూడా చర్చిలను సాయం అడిగింది. కార్లలో బతికేవాళ్ళు రాత్రిళ్ళు చర్చి స్థలంలో బండి నిలుపుకుని పడుకునేందుకు అనుమతి ఇచ్చింది. కరోనా కాలంలో ఊరికి అక్కరకొచ్చింది చర్చే అన్నమాట. ఈ సంగతి తరువాత కోర్టు కాగితాల్లోకీ ఎక్కింది.

చర్చి ఫాదర్ బెర్నీ లిండ్లీ. ఆ ఊళ్ళో పెరిగినవాడే.

ముప్ఫై మంది మొర

ఇక్కడ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ మాట కూడా వినాలి. వాళ్ళను రాక్షసులుగా చూపించి కథ చెప్పడం తేలిక. కానీ నిజం కాదు.

చర్చి ఉన్నది ఇళ్ళ మధ్య. 2021 వసంతకాలంలో ఆ వీధుల్లో ఉండే దాదాపు ముప్ఫై మంది సంతకాలు పెట్టి మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చారు. చర్చి దగ్గర చేరే జనం వల్ల తమకు నెమ్మది లేకుండా పోయిందన్నది వాళ్ళ మొర. పరాయివాళ్ళు తమ ఆవరణల్లోకి వస్తున్నారన్నారు. దొంగతనాలు, వేధింపులు, గొడవలు, మత్తుమందులు అన్నారు. అర్జీలో కోరినది కూడా సూటిగానే ఉంది. చర్చి దగ్గర నుంచి ఆ మనుషుల్ని తీసేయాలి.

ఇంటి ముందు రాత్రివేళ తెలియనివాళ్ళు తచ్చాడుతుంటే ఏ గృహస్థుకైనా భయమే. చిన్నపిల్లలున్న ఇల్లయితే చెప్పనక్కర్లేదు. సంత జరిగే వీధిలో, తిరణాల జరిగే గుడి పక్కన ఇల్లున్నవాళ్ళను అడిగితే ఆ బాధ తెలుస్తుంది. పుణ్యం చర్చిది, పారబోత ఊడ్చుకోవడం మాది అని వాళ్ళకు అనిపిస్తే అందులో తప్పు పట్టేదేమీ లేదు.

తప్పంతా ఆ మొరకు మునిసిపాలిటీ కనిపెట్టిన మందులో ఉంది. దొంగతనం చేసినవాడిని పట్టుకోవడానికి పోలీసులున్నారు. పరాయి ఆవరణలో చొరబడితే దానికి చట్టముంది. రాత్రి పడుకోవడానికి చోటు లేదంటే చోటు చూపించడం ఒక దారి. కౌన్సిలు ఈ దారులేవీ పట్టలేదు. వంటింటి మీద పడింది.

హోటలూ చర్చీ ఒకటేనట

2021 అక్టోబరులో బ్రూకింగ్స్ మునిసిపల్ కౌన్సిలు ఒక ఆర్డినెన్సు చేసింది. మన దగ్గర ఆర్డినెన్సు అంటే గవర్నరో రాష్ట్రపతో ఇచ్చేది. అక్కడ ఊరి కౌన్సిలు చేసుకునే ఊరి చట్టాన్ని కూడా అదే పేరుతో పిలుస్తారు. దాని సారాంశం ఇది. నివాస ప్రాంతంలో ఎవరైనా ధర్మభోజనం పెట్టాలంటే మునిసిపాలిటీ నుంచి ప్రత్యేక పర్మిట్ తీసుకోవాలి. తీసుకున్నా, వారానికి రెండు రోజులకు మించరాదు.

దీని వెనుక ఒక తిరకాసు వాదన ఉంది. అమెరికాలో ఊరిని భాగాలుగా విడదీసి, ఇది ఇళ్ళ భాగం, ఇది దుకాణాల భాగం, ఇది మిల్లుల భాగం అని ముందే గీతలు గీస్తారు. దీన్ని జోనింగ్ అంటారు. ఇళ్ళ భాగంలో హోటల్ పెట్టకూడదు. చర్చి పెట్టవచ్చు. జనానికి వండిపెట్టేవాళ్ళు ధర్మానికి పెట్టినా సరే రాష్ట్ర ఆరోగ్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. మునిసిపాలిటీవాళ్ళు ఈ రెండింటినీ ముడివేశారు. లైసెన్సు తీసుకుని వండిపెట్టడం హోటల్ లాంటి పనే. హోటల్ ఇళ్ళ మధ్య ఉండరాదు. కాబట్టి ఇన్నేళ్ళుగా చర్చి పెట్టిన భోజనం అసలు రూలుకే విరుద్ధం. మేం రెండు రోజులకు అనుమతి ఇస్తున్నామంటే అది మీకు చేస్తున్న ఉపకారమే. ఇదీ వాళ్ళ లెక్క.

చూడటానికి పకడ్బందీగానే ఉంది. పన్నెండేళ్ళు ఎవరికీ కనిపించని హోటల్ అర్జీ రాగానే కనిపించడమే విడ్డూరం.

రెండు రోజులు ఏమంత తక్కువ, నాలుగు చర్చిలు తలా రెండు రోజులు పంచుకుంటే వారం నిండిపోతుంది కదా అని అనుకునేవాళ్ళూ ఉంటారు. కాగితం మీద నిండుతుంది. వంట చేసేవాళ్ళు ఉంటేనే పొయ్యి వెలుగుతుంది. కరోనాకు ముందు నలుగురు మోసిన బరువు కరోనాలో ఒక్కరి మీద పడింది. ఆ ఒక్కరి చేతులు కట్టేస్తే మిగిలిన రోజులకు ఎవరొస్తారో ఆర్డినెన్సులో లేదు.

చర్చి పర్మిట్‌కు దరఖాస్తు పెట్టలేదు. పెట్టడమంటే, రెండు రోజులు పెడతాం, మిగతా రోజులు ఆకలితో వచ్చినవాడిని తిప్పి పంపుతాం అని సంతకం చేయడమేనన్నది వాళ్ళ వాదన. ఆకలిగొన్నవాడికి పెడితే తనకు పెట్టినట్టేనని క్రీస్తు చెప్పిన మాటను మత్తయి సువార్త 25వ అధ్యాయంలో చదివినవాళ్ళు అలా సంతకం ఎలా చేస్తారు? వడ్డన మానలేదు. మాట్లాడకుండా పాత పద్ధతిలోనే పెడుతూ పోయారు.

2022 జనవరిలో చర్చి, దాని పైన ఉండే ఒరెగాన్ డయాసిస్ కలిసి ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. డయాసిస్ బిషప్ డయానా అకియామా ఫాదర్ పక్షాన నిలబడ్డారు. ఇది గమనించాల్సిన సంగతి. ఊరి ఫాదర్ ఒక్కడే మునిసిపాలిటీతో పోట్లాడితే వకీలు ఫీజుకే చర్చి అమ్ముడుపోతుంది.

దావా నడుస్తుండగానే 2023 ఏప్రిల్‌లో మునిసిపాలిటీ మరో నోటీసు పంపింది. ఈసారి భోజనం గురించి కాదు. చర్చిలో నడిచే వైద్యం, స్నానాల వంటి సేవలు కూడా నివాస ప్రాంతం రూళ్ళకు విరుద్ధమని. అంటే పళ్ళెంతో మొదలైన గొడవ చెంబు దాకా వచ్చింది.

సేవా? ఆరాధనా?

కోర్టులో తేలాల్సిన ప్రశ్న ఒకటే. అన్నం పెట్టడం చర్చికి పక్కపనా, లేక ఆరాధనలో భాగమా?

ప్రార్థన, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం. ఇవి మతం అనడంలో ఎవరికీ అనుమానం లేదు. వారానికి రెండుసార్లే ప్రార్థన చేసుకోండి అని ఏ మునిసిపాలిటీ అయినా అంటే ఆ పూటే కోర్టు కొట్టేస్తుంది. మరి చర్చి హాల్లో బల్లలు వేసి సూపు, రొట్టె వడ్డించడం ఏ లెక్కలోకి వస్తుంది? సేవాసంఘం చేసే పని అయితే జోనింగ్ రూలు వర్తిస్తుంది. మతం అయితే వేరే చట్టం అడ్డు వస్తుంది.

ఆ చట్టం 2000 సంవత్సరంలో వచ్చింది. అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. అంతకుముందు ఊరూరా జోనింగ్ బోర్డులు తమకు నచ్చని మతంవాళ్ళకు మందిరం కట్టుకోనీయకుండా పార్కింగ్ అనో, ట్రాఫిక్ అనో, డ్రైనేజీ అనో సాకు చెప్పి తిప్పేవి. యూదుల మందిరాలు, మసీదులు, చిన్న చిన్న చర్చిలు ఈ దెబ్బ తిన్నాయి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళు గుడి కట్టుకోవాలన్నా ముందు వెళ్ళాల్సింది జోనింగ్ బోర్డు గడపకే. భూమి రూలు పేరుతో మతాచరణ మీద పెద్ద భారం మోపరాదన్నది ఆ చట్టం. మోపాలంటే ప్రభుత్వం రెండు సంగతులు రుజువు చేయాలి. దానికి తప్పించుకోలేనంత బలమైన కారణం ఉండాలి. అంతకంటే తక్కువ నొప్పితో ఆ పని సాధించే దారి లేదని చూపించాలి.

2023 నవంబరులో కేంద్ర న్యాయశాఖ కూడా ఈ కేసులో తన అభిప్రాయం దాఖలు చేసింది. అది చర్చి వాదనకు బలం చేకూర్చింది. మండల కేంద్రమంత ఊరి గొడవలో ఢిల్లీ నుంచి న్యాయశాఖ కాగితం వేసినట్టు.

2024 మార్చి 27న మేజిస్ట్రేట్ జడ్జి మార్క్ క్లార్క్ తీర్పు చెప్పారు. ఆకలిగొన్నవాళ్ళకు పెట్టడం ఆ చర్చివాళ్ళ మతాచరణేనని ఒప్పుకున్నారు. రెండు రోజుల పరిమితి దాని మీద పెద్ద భారమేనన్నారు. రెండు రోజులకు తగ్గించడానికి తగినంత బలమైన కారణం మునిసిపాలిటీ చూపలేకపోయిందన్నారు. ఆర్డినెన్సు 2000 నాటి చట్టానికి విరుద్ధమని తేల్చారు. వీధిన పడ్డవాళ్ళను పనీపాటా లేని తిరుగుబోతులుగా చూడరాదని, వాళ్ళు కష్టంలో ఉన్న పౌరులని కూడా తీర్పులో రాశారు. ఇది కలిసి పనిచేయాల్సిన సమయమే తప్ప, సాయాన్ని తగ్గించే చట్టాలు చేసే సమయం కాదన్నారు.

ఫాదరూ గెలిచాడు, బిషప్పూ గెలిచారు. పత్రికలన్నీ ఇక్కడిదాకా రాసి వదిలేశాయి.

అన్నం సరే, దుప్పటి మాటేమిటి?

బ్రూకింగ్స్ నుంచి కొండలు దాటి లోపలికి సుమారు వంద మైళ్ళు వెళితే గ్రాంట్స్ పాస్ అనే మరో పట్టణం వస్తుంది. అదీ ఒరెగాన్ రాష్ట్రమే. నలభై వేలకు కాస్త తక్కువ జనాభా. అక్కడ ఇల్లు లేనివాళ్ళు ఆరువందల దాకా ఉన్నారని కోర్టు కాగితాల్లో ఉంది. కేసు నాటి ఆ ఊరి ఆర్డినెన్సులు ఇంకో రకం. పార్కులో గానీ రోడ్డు పక్కన గానీ దుప్పటో, దిండో, పరుపో వేసుకుని పడుకుంటే నేరం. జరిమానా అప్పట్లో 295 డాలర్లు. మన డబ్బులో పాతిక వేల రూపాయల దాకా. కట్టకపోతే పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ దొరికితే పార్కుల్లోకి రాకూడదని నిషేధం. దాన్ని మీరితే జైలు. జేబులో భోజనానికి డబ్బు లేనివాడికి పాతిక వేల జరిమానా వేయడం ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, దాని అంతరార్థం దాచిపెట్టలేదు. 2013లో కౌన్సిలు సమావేశంలో పెద్దలు అన్నమాట రికార్డయింది. ఈ ఊరు వాళ్ళకు ఎంత ఇబ్బందిగా ఉండాలంటే, వాళ్ళంతట వాళ్ళే దారి పట్టి పక్క ఊరికి పోవాలని.

పక్క ఊరివాళ్ళు కూడా అలాగే అనుకుంటే వాళ్ళు పోయేదెక్కడికి?

ఆ ఊళ్ళోనూ మతం చేయి ఉంది. పెద్దవాళ్ళకు పడక దొరికే షెల్టరు కేసు నాటికి అక్కడ ఉన్నదొక్కటే. అది క్రైస్తవ సంస్థ గాస్పెల్ రెస్క్యూ మిషన్‌ది. కోర్టు రికార్డుల ప్రకారం అక్కడ ఉండాలంటే షరతులున్నాయి. ప్రార్థనకు హాజరు కావాలి. పొగ తాగరాదు. జీతం లేని పని చేయాలి. కుక్కను తీసుకురాకూడదు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. క్రమశిక్షణతోనే మనిషి బాగుపడతాడని వాళ్ళ నమ్మకం. తాగుడు మాన్పించిన ఇల్లు కూడా అలాంటిదే అయి ఉంటుంది. కానీ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కప్పు కింద చేరాలంటే ప్రార్థనకు తలవంచాలన్నప్పుడు, ఒప్పుకోనివాడికి మిగిలింది పార్కే. పార్కులో దుప్పటి కప్పుకుంటే జరిమానా. ఒకే దేవుణ్ణి కొలిచే రెండు సంస్థలు. ఒకటి ఏమీ అడగకుండా పళ్ళెం పెట్టింది. ఇంకొకటి ముందు షరతు చెప్పి పడక ఇచ్చింది.

గ్రాంట్స్ పాస్‌లో ఇల్లు లేనివాళ్ళు మునిసిపాలిటీ మీద వేసిన కేసు 2020లో మొదట తీర్పు చెప్పిన జడ్జి ఎవరనుకున్నారు? ఆ మార్క్ క్లార్కే. 2018లో బాయిసీ అనే పట్టణం కేసులో పై కోర్టు చెప్పిన సూత్రం ఉంది. పడుకోవడానికి షెల్టరులో చోటు లేనప్పుడు, బయట పడుకున్నందుకు శిక్షించడం క్రూరమైన శిక్ష కిందికి వస్తుందని. దాన్ని పట్టుకుని క్లార్క్ ఇల్లు లేనివాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చారు. 2022లో పై కోర్టు సమర్థించింది. మునిసిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

2024 జూన్ 28న సుప్రీంకోర్టు తొమ్మిదిమందిలో ఆరుగురి మెజారిటీతో ఆ తీర్పును తిరగదోడింది. జరిమానా, కొద్దిరోజుల జైలు రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్షలు కావన్నది. ఆర్డినెన్సులు శిక్షిస్తున్నది మనిషి పేదరికాన్ని కాదు, పార్కులో మకాం వేయడమనే పనిని అన్నది. మెజారిటీ తీర్పు జస్టిస్ గోర్సచ్ రాశారు. నిద్ర అనేది ప్రాణికి తప్పనిది, నేరం కాదంటూ జస్టిస్ సోటోమయోర్ వ్యతిరేకించారు. మరో ఇద్దరు ఆమెతో కలిశారు.

బ్రూకింగ్స్ తీర్పుకూ ఈ తీర్పుకూ మధ్య గడిచింది మూడు నెలలు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. బ్రూకింగ్స్‌లో కోర్టుకు వెళ్ళినది అన్నం పెట్టేవాడు. అతనికి మతస్వేచ్ఛ అనే చట్టం అండ ఉంది. వెనుక డయాసిస్ ఉంది, న్యాయశాఖ ఉంది. గ్రాంట్స్ పాస్‌లో కోర్టుకు వెళ్ళినవాళ్ళు దుప్పటి కప్పుకున్నవాళ్ళే. వాళ్ళకు అలాంటి అండ దొరకలేదు. పెట్టే చేతికి ఉన్న హక్కు చాచే చేతికి లేకపోయింది. బ్రూకింగ్స్ చర్చి హాల్లో మధ్యాహ్నం సూపు తాగిన మనిషికి కూడా ఆ సూపు మీద హక్కు వచ్చిందని కోర్టు అనలేదు. పెట్టే హక్కు చర్చిదని మాత్రమే అన్నది. రేపు చర్చి తనంతట తానే మానుకుంటే అడిగే దిక్కు లేదు.

రాష్ట్రం మాత్రం కొంత అడ్డం పెట్టింది. ఒరెగాన్ శాసనసభ 2021లో చేసిన చట్టం ప్రకారం, బయట పడుకోవడం, కూర్చోవడం మీద ఊళ్ళు చేసే రూళ్ళు సమంజసంగా ఉండాలి. సుప్రీంకోర్టు తీర్పు ఆ రాష్ట్ర చట్టాన్ని కొట్టేయలేదు.

కప్పు ఇచ్చినా కేసే

అన్నం వరకు గెలిచారు కదా అని చర్చి తలుపులు తెరిచి రాత్రి పడుకోబెడితే ఏమవుతుంది? ఒహాయో రాష్ట్రంలో బ్రయాన్ అనే చిన్న పట్టణంలో ఒక పాస్టరు ఆ పనే చేశాడు. ప్రార్థన స్థలాన్ని రాత్రింబవళ్ళు తెరిచి పెట్టాడు. చలికి వచ్చినవాళ్ళు లోపల పడుకున్నారు. ఆ భవనం ఉన్నది దుకాణాల భాగంలో. అక్కడ కింది అంతస్తులో ఎవరూ నివసించరాదని రూలు. 2023 డిసెంబరులో పాస్టరు మీద కేసు పెట్టారు. ఇతను కూడా 2000 నాటి చట్టాన్నే పట్టుకుని ఫెడరల్ కోర్టుకు వెళ్ళాడు. మొదటి కేసులు ఎత్తేసినా, అగ్నిమాపక రూళ్ళు పాటించలేదని మళ్ళీ పెట్టారు. 2025 జనవరిలో స్థానిక కోర్టు అతన్ని దోషిగా తేల్చి జరిమానా వేసింది.

ఇక్కడా రెండు వైపులా చూడాల్సిందే. పడుకోవడానికి కట్టని భవనంలో అర్ధరాత్రి మంటలు లేస్తే పోయేది ఆ పేదవాళ్ళ ప్రాణాలే. నీళ్ళు చిమ్మే పైపులు, రెండో ద్వారం ఉండాలనడం పిచ్చి రూలేమీ కాదు. అదే రాత్రి బయట మంచులో పడుకున్నా పోయేది ప్రాణమే. బయట పోతే ఏ రూలూ మీరినట్టు కాదు, అంతే తేడా.

ఇక బ్రూకింగ్స్‌లో అర్జీ పెట్టిన ముప్ఫై మంది గురించి. కోర్టు తీర్పు వాళ్ళ వీధికి కొత్తగా దీపం పెట్టలేదు, కాపలా పెట్టలేదు. చర్చి దగ్గర భోజనం అయ్యాక ఆ మనుషులు ఎటు వెళ్ళాలో చెప్పలేదు. దావాలో ఆ ప్రశ్న లేదు కాబట్టి జడ్జి జవాబు చెప్పాల్సిన పనీ రాలేదు. గ్రాంట్స్ పాస్ కేసులో ఆ ప్రశ్నే అడిగినవాళ్ళలో మొదటి పేరు ఒక స్త్రీది. కొన్నేళ్ళు పార్కుల్లోనూ షెల్టర్లలోనూ గడిపి, జరిమానాల మీద జరిమానాలు మోసిన మనిషి. ఆమె 2021లోనే చనిపోయింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి కేసు మీద ఆమె పేరు లేదు. వేరొకరి పేరు మీద నడిచింది.